మూడు మీటర్ల కంచె

"మూడు మీటర్లా! మేకలకు మూడు మీటర్ల కంచె ఎందుకమ్మా?"

మల్లేశం కొలతల టేపు చుట్టేసి నిలబడ్డాడు. గురవమ్మ తల దించుకుంది. వెనక మెట్టు మీద కూర్చున్న ఇంటి యజమానురాలు, గురవమ్మ 'మామా' అని పిలిచే ఒమనీ పెద్దావిడ, శాలువా బిగించుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆవిడకు అరబ్బీ తప్ప మరొకటి రాదు. మల్లేశానికి అదొక్కటే రాదు. మధ్యలో ఆ ఇంట్లో పనిచేసే ఈ కడప మనిషే ఇద్దరికీ దిక్కు.

"మూడే కావల్లన్నా. జాలీ వద్దు, రేకు కొట్టల్ల. సందు ఉండకూడదు."

ఒమన్ అంటే ఎండలే అనుకునేవాళ్లు జనవరిలో ఈ సైక్ కొండ మీదికి వచ్చి చూడాలి. బకెట్లో నీళ్ల మీద మంచు పొర కట్టి ఉంది. మల్లేశం చేతులు రుద్దుకుంటూ పెరడంతా కలియజూశాడు. పక్కలకు రెండు వైపులా దానిమ్మ తోటలు. వెనక వైపు మాత్రం కొండ అవతలి సైట్లో పనిచేసే అతని కంపెనీ కేబిన్ల వరస. చివరి కేబిన్ ఫోర్‌మన్‌ది, అంటే అతనిదే. ఆ కేబిన్లకూ ఈ ఇంటికీ మధ్య బట్టలు ఆరేసే తీగ.

మేకకు మీటరు కంచె చాలు. మూడు మీటర్ల రేకు మనిషికే. ఏ మనిషికో తట్టేసరికి మల్లేశం మనసు చివుక్కుమంది.

గురవమ్మతో మాట్లాడటం అతనికి ఇదే మొదలు. చూడటం మాత్రం రోజూ ఉన్నదే. పొద్దున్నే టీ తాగుతుంటే కిటికీలోంచి కనిపించేది. ఇంత దూరాన, ఇంత చలిలో, చీర ఎగదోపుకుని బట్టలు జాడిస్తున్న మన మనిషిని చూస్తే అతనికి ప్రాణం లేచొచ్చేది. అలాంటి మనిషిని లోపల పెట్టి మూసే పని తన నెత్తిన పడింది. కూలి కోసం తన చేతులతోనే బోను కట్టాలా అనుకుంటే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

కుదరదంటే ఆవిడ ఇంకొకణ్ణి పిలుస్తుంది. అందుకని ధరతో కొట్టాడు.

"చలికాలం, కాంక్రీటు జల్ది గట్టివడదని చెప్పు మామాకు. గుంతలు లోతుగ తియ్యాలె. పైన గోనెసంచులు కప్పాలె. కొండ గాలికి ఆగాల్నంటే పైపులు లావువి వెయ్యాలె. మూడు దిక్కుల కలిపి పద్నాలుగు వందల రియాళ్లయితది."

అందులో సగం అబద్ధం. ఆ అబద్ధాన్నే గురవమ్మ వచ్చీరాని అరబ్బీలో పొల్లుపోకుండా చెబుతుంటే, అతను ఆమె మొహం చూడలేక బకెట్లోని మంచు కేసి చూశాడు.

పెద్దావిడ నోరు నొక్కుకుని ఏదో అంది.

"మూడు పక్కలా వద్దంటాంది. వెనక పక్క ఒకటే అయితే ఎంతవుతాది?"

"ఏడు వందలు. అంతకు తక్కువ కాదు."

ఈసారి పెద్దావిడ చేత్తో వద్దన్నట్టు సైగ చేసి, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని లేచింది.

"అంత పెట్టలేదంట," అంది గురవమ్మ.

హమ్మయ్య అనుకున్నాడు మల్లేశం. టేపు జేబులో వేసుకోబోతుంటే గురవమ్మ గబగబా వెళ్లి పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఏదో బతిమాలింది. పెద్దావిడ ఆమె తల నిమిరింది. మల్లేశం వైపు తిరిగి, సరే కానివ్వమన్నట్టు తలూపి లోపలికి వెళ్లిపోయింది.

"ఏం జెప్పినవ్?"

"సగం డబ్బులు నా జీతంలో పట్టుకోమన్నా."

మల్లేశం ఇక ఆపుకోలేకపోయాడు.

"నీకేమన్న పిచ్చా! నిన్ను వెట్టే జైలుకు పైసలు గూడ నువ్వే ఇస్తవా?"

"జైలేందన్నా?"

"మరేంది? నువ్వు బయటికి సూడకుండ మామా కట్టిస్తలేదా? నాకు సమజ్ కాదా? గా ధర అంత లేదమ్మా. ఆమె ఎనుకకు పోతదని నీకోసమే పెంచిన."

గురవమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంత పని చేస్తివన్నా! కంచె అడిగింది మామా కాదు, నేను."

"నువ్వా? ఎందుకు?"

"చెప్పేకి సిగ్గయి మేకలంటిని. నేను బట్టలు ఆరేసేకి వస్తే చాలు, మీ కేబిన్ల కాడ ఈలలు, పాటలు. ఆ కండ్లు ఒంటి మీద పాకినట్టే ఉంటాది. మామా ఒక్కదానికే చెప్పుకున్యా."

మల్లేశం మొహం ఆ చలిలోనూ వేడెక్కింది. ఆ ఈలలు అతనూ విన్నాడు. కుర్రాళ్లు కదా అని నవ్వి ఊరుకున్నాడు. భూమి చీలి అందులోకి పోతే బాగుండనిపించింది.

"తప్పయింది. నువ్వు నాకు చెల్లె లెక్క. నీ జీతం ముట్టకుండ, అసలు ధరకే కట్టిస్త. గా లుచ్చాగాళ్లెవలో జర చూపియ్యి, రేపే సైటు మీదికెల్లి ఎల్లగొట్టిస్త."

గురవమ్మ మొదటిసారి తలెత్తి అతని కళ్లలోకి చూసింది.

"ఈలలేసేటోళ్లు బస్సు రాంగానే డ్యూటీకి పోతారన్నా. నేను ఆఖరి బట్ట ఆరేసి లోపలికి పోయేదాంకా, టీ గ్లాసు పట్టుకొని ఆ కిటికీలో నుంచి కదలనిది నువ్వే."