పగలు వేసిన తలుపు

హైదరాబాద్ నుంచి నందిగామకు మారిన తబస్సుం, ఆఫీసు మీటింగ్ కోసం పగలే తలుపేసుకుంది. పావుగంటలో ఎదురింటి రత్నమణి రాగిజావ గిన్నెతో వచ్చి తట్టింది.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉన్నానండి. ఇంటి నుంచే ఉద్యోగం."

"బాగుంటే పగలు తలుపెందుకేస్తారమ్మా?" అంటూ గిన్నె చేతిలో పెట్టింది.

మర్నాడూ తబస్సుం తలుపేసుకుంది. మర్నాడూ జావ వచ్చింది.

మూడోరోజు విసుగెత్తి తలుపు బార్లా తెరిచి కూర్చుంది. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం చూస్తే ఎదురింటి తలుపు వేసి ఉంది. మనసు ఊరుకోలేదు. మీటింగ్ మధ్యలోనే లేచి, జావ కాచి, తీసుకెళ్లి తట్టింది.

రత్నమణి వెంటనే తలుపు తీసింది. నిక్షేపంగా ఉంది.

"పొద్దున్నించీ తలుపేసుకుని కూర్చున్నా. ఇప్పుడా రావడం?"