సొంఠికొమ్ముల దీపావళి

"నేను ఒంటరినండీ" అన్నాడు పోస్టుమాస్టరు, వంటగది గుమ్మంలో నిలబడి.

"వంటరివా! ఆ ముక్క పొద్దున్నే చెప్పొద్దూ నాయనా" అంటూ గెస్ట్‌హౌస్ యజమానురాలు పిండి పళ్లెం తెచ్చి ఆయన చేతుల్లో పెట్టేసింది. "కలుపు. చెయ్యి సాయం లేక చస్తున్నాను."

"వంటరి కాదండీ, ఒంటరి! ఒక్కణ్ణే దేశాలు తిరుగుతున్నాను. పండగ కూడా నా గదిలో నేనొక్కణ్ణే చేసుకుంటానని చెబుదామని..."

"దీపావళి ఒక్కడివే చేసుకుంటావా? ఎవరి చెవిలో టపాకాయ పేలుస్తావయ్యా? నీళ్ళు కొద్దికొద్దిగా పొయ్యి, ముద్ద గట్టిగా రావాలి."

ఆయన పోశాడు. నెల్లాళ్ళకు పైగా అద్దంలో మనిషితో తప్ప ఎవరితోనూ కబుర్లాడని వాడికి తిట్లు కూడా తీపిగానే తగులుతాయి.

కానీ ప్రమాదం. పోస్టుమాస్టరు 'ఒంటికాయ సొంఠికొమ్ము సంఘం' సభ్యుడు, నంబరు పదకొండు. ఆసియాలో నలభై రోజులు ఒంటరిగా తిరగాలి. రోజూ సాయంత్రం ఏడులోపు ఒంటరి ఫోటో ఒకటి గ్రూపులో పెట్టాలి. పేర్లుండవు, నంబర్లే. ముఖం కనపడకూడదు, వీపే. ముఖం చూపించాలనిపించిందంటే చూసేవాళ్ళు కావాలనిపించినట్టేనని కార్యదర్శి గారి సిద్ధాంతం. పక్కన మనిషి ఉన్నట్టు తెలిసిందా, చేసిన యాత్రంతా గంగలో కలిసినట్టే. నలభై నిండితే 'ఏకాకి' బిరుదు. "మా అక్క చెయ్యి వదిలితే రోడ్డు కూడా దాటలేవు బావా" అన్న బావమరిది ఇంటికి వచ్చే వేళకి ఆ పత్రం గోడకు వేలాడాలి. ఇవాళ నలభయ్యో రోజు!

ఇంట్లో మరో ఇద్దరు అతిథులు. ఒక పళ్ళ డాక్టరమ్మ, ఒక డ్రిల్లు మాస్టారు. ఇద్దరూ తెలుగువాళ్ళే. ఎక్కడికెళ్ళినా ఉప్పు దొరికినట్టు మనవాళ్ళు దొరుకుతారు, అందులో వింతేముంది?

"అన్నయ్యగారూ, ప్రమిదలు లేవు, గుడ్లు పెట్టుకునే గిన్నెలున్నాయి, చాలా?" అంది డాక్టరమ్మ.

"నూనె కారని గిన్నె ఏదైనా ప్రమిదే" అంటూ డ్రిల్లు మాస్టారు స్నానాలగదిలోంచి నీలం సబ్బుపెట్టె కడిగి తెచ్చాడు. దాని ఒక మూల విరిగి ఉంది. అందులో అయిదు వత్తులేసి బల్ల మధ్యన నిలబెట్టి, "సావధాన్!" అన్నాడు. అందరూ నవ్వారు. పోస్టుమాస్టరు అందరికంటే గట్టిగా నవ్వాడు. తన నవ్వు ఇంత పెద్దదని ఆయన మరిచిపోయాడు.

గడియారం చూస్తే ఆరున్నర. నవ్వు సర్దుకున్నాడు.

"మీరంతా రెండు నిమిషాలు బయటికెళ్తారా? మా ఆవిడకి ఒక ఫోటో పంపాలి. పక్కన మనుషులుంటే ఎవరూ ఏమిటీ అని లక్ష ప్రశ్నలేస్తుంది."

ముగ్గురూ వరండాలోకి వెళ్ళారు. ఆయన ఫోన్‌ను ఉప్పు సీసాకి ఆనించి, సబ్బుపెట్టె దీపం ముందు వీపు తిప్పి, ప్రపంచంలో దిక్కులేనివాడిలా భుజాలు వాల్చి నిలబడ్డాడు. క్లిక్.

"నాకూ ఒకటి కావాలి, మా అత్తగారికి" అంది డాక్టరమ్మ. మగాళ్ళు వరండాలో ఉన్న యజమానురాలి దగ్గరికి నడిచారు.

"నాకూను. మా స్కూల్లో పిల్లలకి" అన్నాడు డ్రిల్లు మాస్టారు. ఈసారి డాక్టరమ్మా, పోస్టుమాస్టరూ నడిచారు.

తర్వాత బల్ల చుట్టూ చేరి, ఒకళ్ళ కంచంలోంచి ఒకళ్ళు లాక్కుని మరీ తిన్నారు. గేటు దగ్గర దీపాలు పెట్టి వస్తానని యజమానురాలు బయటికెళ్ళింది.

ఏడుకి అయిదు నిమిషాలు. పోస్టుమాస్టరు బల్ల కింద ఫోన్ పెట్టుకుని, "కొండ శిఖరం, నేను, నా దీపం. కాకి కూడా లేదు. ఇట్లు, నంబరు పదకొండు" అని రాసి ఫోటోతో పంపేశాడు.

డాక్టరమ్మ చేతిసంచిలో టింగుమంది. డ్రిల్లు మాస్టారి జేబులో టింగుమంది.

ఇద్దరూ గాభరాగా ఫోన్లు తీసి, వచ్చిందేమిటో చూడకుండానే ఏదో నొక్కారు. పోస్టుమాస్టరు ఫోన్ టింగు టింగుమంది.

"ఇసుక మేటల నడుమ, మనిషన్నవాడు లేని చోట. నంబరు ఎనిమిది." ఫోటోలో ఒక పొడుగు జడ. జడ పక్కన మూల విరిగిన నీలం సబ్బుపెట్టె.

"నిర్జన ద్వీపం నుంచి, నంబరు ఇరవై." ఫోటోలో సావధాన్‌లో ఒక వీపు. పక్కన అదే సబ్బుపెట్టె.

ముగ్గురూ ముగ్గురి ముఖాలు చూసుకున్నారు.

"ఏకాకులనుకుంటే కాకుల గుంపే దిగిందన్నమాట!" అన్నాడు పోస్టుమాస్టరు. "డాక్టరమ్మా, మీకీ ఇల్లు ఎవరు చెప్పారు?"

"కార్యదర్శి గారే. పండగనాడు మనుషుల కంట పడకుండా ఎక్కడ దాక్కోవాలని రాస్తే, ఈ ఇంటికి పురుగు కూడా రాదన్నారు."

"నాకూ అదే మాట రాశారు" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"నాకూ!" పోస్టుమాస్టరు బల్ల గుద్దాడు. దీపం ఎగిరి కూర్చుంది. "నలభై రోజుల తపస్సు! మా బావమరిదికి నా ముఖం ఎలా చూపించను? ఆ మనిషిని ఊరికే వదలకూడదు." కసికసిగా టైపు చేశాడు. "కార్యదర్శి గారూ, ముగ్గురు ఒంటరివాళ్ళను ఒకే కప్పు కిందికి తోలి ముంచారు. ఇప్పుడే జవాబు కావాలి!"

పంపాడు.

గుమ్మంలో టింగుమంది. యజమానురాలు లోపలికి వస్తూ, చేతి నూనె కొంగుకు తుడుచుకుని, నడుం దగ్గర దోపుకున్న ఫోన్ తీసి, కళ్ళజోడు సవరించుకుని, పెదాలు కదుపుతూ చివరిదాకా చదివింది.

"జవాబుకేం, ఇస్తాను. ముందు చేతులెండిపోకుండా తినండి" అంది. "వచ్చే దీపావళికి మాత్రం రెండు నెలలు ముందే రాయండి నాయనా, ఒంటరివాళ్ళ తాకిడికి నా గదులు చాలడం లేదు."