ఇంటిల్లిపాదికీ తాళం

భద్రమ్మ రొమ్ములో గడ్డకు మందివ్వడానికి నర్సు ప్రసూన ఇంటికే వచ్చింది. క్యాన్సరున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు వంటగది తలుపుకు, మనిషిని గుర్తుపట్టి తెరుచుకునే ఆసుపత్రి తాళం ఉంటోంది.

“ఆకలేస్తే గడ్డ తనను తానే తిని బతికేస్తుందండీ. ఈ మాత్ర దాని నోరు కట్టేస్తుంది. మీరు రెండు రోజులు పస్తుంటే, తినడానికేమీ దొరక్క అది చస్తుంది,” అంది ప్రసూన.

పెసరట్టు తింటున్న మరిది పోలిరాజు నవ్వాడు. “మా వదినకి పస్తులేం కొత్త కాదులెండి. అన్నయ్య పోయిన కాణ్ణించీ ఒంటిపూటే గదా.”

భద్రమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆ ఒంటిపూట ఆమె కోరుకున్నది కాదు. విధవకు రాత్రి అన్నమెందుకని అత్తగారు గిన్నెలు కడిగేస్తుంటే, ఈ పోలిరాజు ఒక్కనాడూ అడ్డు చెప్పలేదు.

“అలవాటు కాదు, పోలిరాజూ. మీరు పెట్టకపోతే నన్ను నేనే తిని బతికాను, ఈ గడ్డలాగే,” అంది.

అతను ఇంకో ముక్క అట్టు తుంచుకున్నాడు.

ఇంట్లో వాళ్లంతా రోగికి తోడుగా పస్తుండే ఇళ్లూ ఉన్నాయి. అందుకే ప్రసూన అడిగింది. “తాళం మీ ఒక్కరికే వెయ్యమంటారా, ఇంటిల్లిపాదికీనా?”

“ఇంటిల్లిపాదికీ. నేను మాడుతుంటే ఈ ఇంట్లో ఇంకెవరూ తినరు,” అని భద్రమ్మ మాత్ర మింగింది.

తాళం పడింది. పోలిరాజు రెండో అట్టు పెనం మీదే ఉండిపోయింది.