ఇంట్లో ఎవరికీ లేదు

"మా ఇంట్లో ఎవులికీ నేదమ్మా," అంది అప్పలనర్సమ్మ, చాటలో సామలు చెరుగుతూనే.

డాక్టర్ కామేశ్వరి పుస్తకం తెరిచింది గాని ఏమీ రాయలేదు. మరి చేలో ఆ పాకలో ఎవరున్నారని అడిగింది. ముసలమ్మ చేతిలో చాట ఆగింది. మా సిన్న కోడలని చెప్పింది.

పక్కన నిలబడ్డ కనకకు ఇది తెలియని సంగతి కాదు. ఆమెదీ ఆ ఊరే. ఏడో తరగతి దాకా చదివి, ఆరోగ్య కేంద్రంలో పనికి కుదిరింది. బొండ్రుగుడ చుట్టుపక్కల ఊళ్లలో ఆడమనిషికి రొమ్ము మీద పుండు లేస్తే, ఇంటి దేవుడికి మైల తగులుతుందని చేలో పాక వేసి అక్కడ ఉంచుతారు. కూడూ నీళ్లూ పాక దాకా మోసుకెళ్లి ఇస్తారు. పుండు మానేదాకా ఆమె ఇంటి లెక్కలో ఉండదు, చాలామందికి ఆ పుండు మానదు కూడా. అందుకే ఇంట్లో ఎవరికైనా ఉందా అంటే లేదని చెబుతారు. వాళ్ల మటుకు అది అబద్ధం కాదు.

పాకలో ఎవరున్నారన్న ఈ ముక్క పద్నాలుగేళ్ల కిందట ఒక్కరు అడిగి ఉంటే ఎంత బాగుండేది! అరవై తొమ్మిదిలో ఎవరో పెద్ద డాక్టరు రొమ్ము క్యాన్సర్ మీద పరిశోధన అంటూ వచ్చి, పన్నెండు రోజుల్లో నలభై ఊళ్లు చుట్టేసి, రోగులు సున్నా అని తేల్చారు. కొండ ఆడవాళ్లు పిల్లలకు మూడేళ్లు పాలిస్తారు కాబట్టి వాళ్లకు ఆ జబ్బు రాదని వ్యాసం అచ్చు వేశారు. ఇంకేముంది, విశాఖ నుంచి నెలకోసారి కొండెక్కే పరీక్షల వ్యాను ఆగిపోయింది. లేని రోగానికి వ్యాను ఎందుకన్నారు. ఎంత తెలివో!

"ఆ పెద్ద డాక్టరుగారొచ్చినప్పుడూ ఇంట్లో ఎవులికైనా ఉందా అని అడిగినారమ్మా," అంది అప్పలనర్సమ్మ. "ఇద్దరు గుమస్తాలు గుమ్మంలో నిలబడి ఒక్క మాట అడిగి ఎలిపోనారు. డాక్టరుగారు జీపులోనే కూకున్నారు. బురదని దిగనేదు."

కనకకు ఒళ్లు మండింది. ఆ జీపు వెళ్లిన మూడో ఏడే వాళ్లమ్మ పాకలోకి వెళ్లింది. మళ్లీ ఇంట్లోకి రాలేదు.

కామేశ్వరి పుస్తకం మూసి చేలోకి నడిచింది. ఈ విశాఖ డాక్టరమ్మ సెలవు పెట్టుకుని వచ్చి మూడు నెలలైంది. ఆరోగ్య కేంద్రం వాళ్లు జీపు ఇస్తామన్నా వద్దంది. యాభై దాటిన మనిషి, మోకాళ్లు నొప్పెడుతున్నా ప్రతి ఊరికీ నడిచే వెళ్తుంది. పాకలో చాప మీద కూర్చుని, చిన్న కోడలి పుండు తనే కడిగి, చంక కింద వేళ్లతో తడిమి చూసింది. గడ్డ ఇంకా అంత దూరం పాకలేదు. ఈ నెలలో ఆపరేషను అయితే బతుకుతుందని కనకతో మెల్లగా చెప్పింది.

"మీలాటోలు అప్పుడొచ్చుంటే మాయమ్మ బతికుండును," అంది కనక.

డాక్టరమ్మ తల వంచుకుని కట్టు కట్టింది. పొగిడితే సిగ్గుపడే మనిషి అనుకుంది కనక.

తిరుగు దారిలో, ఆ వ్యాసం రాసినాయన ఏమయ్యాడో మీకు తెలుసా అని కనక అడిగింది. తెలుసంది కామేశ్వరి. ఆ ఒక్క వ్యాసంతోనే బంగారు పతకం, రెండేళ్లు పైదేశంలో చదువు, పెద్ద ఉద్యోగం, చుట్టూ శిష్యులు అన్నీ వచ్చాయట.

"అయితే సుకంగానే ఉన్నాడన్నమాట."

"సుఖంగా ఏమీ లేదులే కనకా," అంది డాక్టరమ్మ.

మర్నాడు ఇద్దరూ వ్యాను కోసం ఆరోగ్య శాఖ ఆఫీసుకు వెళ్లారు. తొమ్మిది ఊళ్లు, పదకొండు మంది ఆడవాళ్లు. పుస్తకంలో ఊరూ పేరూ అన్నీ ఉన్నాయి. ఆఫీసరు రమణమూర్తి ఆ పుస్తకం వైపు చూడనైనా చూడకుండా బీరువాలోంచి పాత సర్క్యులర్ తీశాడు. సర్వే ప్రకారం ఈ ప్రాంతంలో ఆ వ్యాధి లేదని అందులో ఉంది. మనుషులు కళ్లెదుట కుళ్లిపోతున్నా కాగితంలో లేదు కాబట్టి లేదు. పైగా అదేదో గొప్ప సంగతిలా రెండుసార్లు చదివి వినిపించాడు.

"మీ నోటుబుక్కు చూసి పైవాళ్లు వ్యాను పంపరమ్మా," అన్నాడు. "ఆ సర్వే ఎవరు చేశారో వాళ్లే అది తప్పని రాసివ్వాలి. అప్పుడైతే ఇవాళే పైకి పంపిస్తాను."

కనక ఇక ఆగలేకపోయింది.

"ఆడెందుకు రాత్తాడు బాబూ? పతకం ఒగ్గుకుంటాడా, ఉజ్జోగం ఒగ్గుకుంటాడా? మాయమ్మ సచ్చిపోతే ఆడికి పేరొచ్చినాది. ఆడు నా కళ్లబడితే అడిగెయ్యాల్సింది సానా ఉంది."

రమణమూర్తి ఇబ్బందిగా సర్క్యులర్ మడిచాడు. కామేశ్వరి ఒక తెల్లకాగితం ఇమ్మంది. ఇంగ్లీషులో రాస్తే త్వరగా పని జరుగుతుందని ఆయన సలహా ఇచ్చినా వినకుండా తెలుగులోనే, పెద్ద పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. రెండుసార్లు కలం ఆగింది. పేజీ నిండాక సంతకం చేసి లేచింది. రమణమూర్తి చెయ్యి చాచాడు గాని కాగితం ఆయనకు ఇవ్వలేదు. తెచ్చి కనక చేతిలో పెట్టింది.

"ముందు నువ్వు చదువు. తరవాత నువ్వేమడిగినా పడతాను," అంది.

కనక కూడబలుక్కుంటూ మొదటి వాక్యం చదివింది.

'ఆ సర్వే చేసిన డాక్టరును నేనే.'