పాప తీసుకున్న చోటు

ఆ దీవి దేశంలో మంచినీళ్లు ఎంతమందికి సరిపోతే అంతమందే ఉండాలి. దీవివాళ్ల ఇంట బిడ్డ పుడితే ఒక యాత్రికుడు తిరుగు పడవ ఎక్కాల్సిందే.

సింహాచలమ్మ తన ఇంట్లోనే యాత్రికులకు గది ఇస్తుంది. ఆ ఉదయం ఆమె కూతురు ఆడపిల్లను కంది. కాసేపటికే గదిలో దిగిన చంద్రకళ చేతికి కట్టిన యాత్రికుల పట్టీ, వెళ్లాల్సింది ఆమేనన్నట్టు ఎర్రగా వెలిగింది. ఏళ్ల తరబడి వంతు కోసం కాచుకుని, నిన్ననే వరంగల్ నుంచి వచ్చిన టీచరమ్మ ఆమె.

"పాప పుట్టిన ఇంట్లో ఏడవకూడదు," అంటూనే కళ్లు తుడుచుకుంది. "ఇంకా పెట్టె కూడా విప్పలేదమ్మా."

ఇంతలో సింహాచలమ్మ భర్త అప్పలసామి చాప చంకన పెట్టుకుని బయటికొచ్చాడు.

"నా పడవలో ఉన్నోడు దీవి లెక్కలోకి రాడు. ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే మిషను అందులో ఉంది. మీరు వెళ్లేదాకా నేనక్కడే ఉంటాను. మీరుండండమ్మా."

"మరి మనవరాలిని ఎత్తుకోరా?" అంది చంద్రకళ.

"తర్వాత ఎత్తుకుంటాను. ఎక్కడికి పోద్ది?"

బారసాల నాడు చంద్రకళ మోకాళ్ల లోతు నీళ్లలోకి నడిచి, పాపను పైకెత్తి పడవలోని తాతకు చూపించింది. ఒడ్డు నుంచి సింహాచలమ్మ, పాపకు పెట్టిన పేరు గట్టిగా అరిచింది.

"గాలికి వినపడలేదు, మళ్లీ చెప్పు!" అన్నాడు అప్పలసామి.

నిజానికి మొదటిసారే వినపడింది. అయినా మూడుసార్లు చెప్పించుకున్నాడు.