బావమరిదికి తిండి బంద్

"ఇవాళ్టి నుంచి నీ తమ్ముడికి తిండి బంద్" అని ప్రకటించాడు ప్రొఫెసర్.

భార్య టీవీ కట్టేసింది. "పాపం, వాడేం చేశాడండీ?"

"ఏమీ చేయడు. అదే నా బాధ!"

ప్రొఫెసర్ పాఠాలు చెప్పేది బాక్టీరియా గురించి. ఆ రోజూ క్లాసులో అదే విషయం మీద గొంతు చించుకున్నాడు. బాక్టీరియా బతకాలంటే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కావాలి. అది బయట దొరికినంత కాలం, దాన్ని తయారుచేసే జన్యువులకు తాళం వేసుకుని కూర్చుంటుంది. దొరకడం ఆగిందా, తాళం ఊడుతుంది. లోపల తయారీ మొదలవుతుంది.

సరిగ్గా అక్కడే ఆయనకు బావమరిది గుర్తొచ్చాడు. ఉద్యోగం వెతుక్కుంటానని వచ్చి వెనకగదిలో దిగినవాడు. ఆ వెతుకులాట ఇంతవరకూ సోఫా దాటలేదు. కంచం ముందుకు మాత్రం పిలవకముందే వచ్చి కూర్చుంటాడు.

"కంటికి కనబడని సూక్ష్మజీవి చేసుకుంటుంటే, ఆరడుగుల మనిషికేం రోగం?"

"వాడు బాక్టీరియా కాదండీ, నా తమ్ముడు!"

"అందుకే వారం గడువిస్తున్నా. బాక్టీరియాకైతే నిమిషాలు చాలు. ఈలోగా వాడు పొయ్యి వెలిగించకపోతే, జన్మలో వాడి తిండి గురించి నోరెత్తను. ఒట్టు! నువ్వు గానీ చాటుగా పెట్టావో, నీకూ బంద్!"

కట్టుకున్న పెళ్లానికే తిండి బంద్ అంటాడా! ఎంత కర్కోటకుడు!

బావమరిది మొదట్లో బిస్కెట్లతో నెట్టుకొచ్చాడు. అవి అయిపోయాక గుమ్మం పట్టుకుని నిలబడి, "బావగారూ, కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. బావ మాత్రం మొహం తిప్పుకున్నాడు. నిజానికి ఆయన భయం ఆయనది. వీడు కదలకపోతే ఇక జీవితాంతం ఇంతే.

గడువు చివరిరోజు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి వంటింటి నిండా పొగ. ఆ పొగలో దగ్గుతూ, అడుగంటిన గిన్నె గీకుతూ బావమరిది.

"ఉప్పెక్కువైంది బావగారూ. ముగ్గురికీ సరిపడా చేశాను. తింటారా?"

ప్రొఫెసర్ కాళ్లైనా కడుక్కోకుండా కంచం ముందు కూర్చున్నాడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని బావురుమన్నాడు.

"అంత ఘోరంగా ఉందా?" అంది భార్య కంగారుగా.

"అమృతం!" అన్నాడాయన ముక్కు చీదుకుంటూ.

పెళ్లయ్యాక ఆ ఇంట్లో తాను వండనిది తినడం ప్రొఫెసర్‌కు అదే మొదటిసారి.