టిఫిన్ ఆంటీ

బంగారమ్మ ప్రయాణానికి సంచి సర్దుకుంటోంది.

అడుగున కాగితంలో చుట్టిన వడలు. పైన, అప్పుడే ఆవిష్కరించిన కథల పుస్తకం.

"ఒక్క నిమిషం ఆంటీ." ఆ కథలు రాసిన గోపీకృష్ణ సంచిలోకి తొంగి చూశాడు. "పుస్తకం దేనికండీ? మిగతా వడలు చుట్టుకోడానికా?"

అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద ఖాళీ జాగాలో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు.

"కాదయ్యా, రేపు మలేషియాలో జొహోర్ ఎల్తన్నాను. మా పెద్దోడు తీసుకుపోతన్నాడు. మళ్ళీ ఎప్పుడు పంపుతాడో ఏటో. అక్కడ తలుపేసుకుని కూకోడమే. అందుకని..."

"వడలు పట్టుకెళ్ళండి. పుస్తకం ఉంచండి."

పుస్తకం బల్లమీద పెట్టేసి, అతను ఫొటోకి వెళ్ళిపోయాడు.

బంగారమ్మ భువన వైపు చూసింది.

భువన కుర్చీలు సర్దే నెపంతో తల దించుకుంది. ఆ పుస్తకం వేసిన ప్రెస్ ఆమెదే. సింగపూర్‌లో ఉండి తెలుగులో రాసేవాళ్ళ పుస్తకాలే వేస్తుంది. వాళ్ళలో కాస్త పేరున్నవాడు గోపీకృష్ణ ఒక్కడే. అతనికి కోపం వస్తే కష్టం.

పైగా మలేషియాలో పుట్టి పెరిగిన బంగారమ్మలాంటి పెద్దవాళ్ళకు తెలుగు మాటే గాని అక్షరం రాదని అందరి నమ్మకం. ప్రతి ఆవిష్కరణకూ వచ్చి, వెనక వరసలో కూర్చుని, తిని, ఓ కాపీ పట్టుకుపోయే ఆమెకు వాళ్ళు పెట్టుకున్న పేరు టిఫిన్ ఆంటీ.

"జాగ్రత్తగా వెళ్ళిరండి ఆంటీ."

"ఎల్లొస్తానమ్మా."

భువన హౌగాంగ్ ఫ్లాట్‌లో మనుషులకంటే అట్టపెట్టెలే ఎక్కువ. అన్నీ అమ్ముడుపోని పుస్తకాలు. కిటికీ తెరుచుకోదు. వంటింట్లోకి పక్కకి తిరిగి వెళ్ళాలి.

"నీ రచయితలు నన్ను గెంటేస్తారా, లోపలే సమాధి కడతారా?" అన్నాడు ఆమె భర్త మహీధర్. "ఏప్రిల్ నెలాఖరుకి ఇవి పోవాలి. లేదా ప్రెస్ పోవాలి."

ఏప్రిల్‌లో ఊపిరాడే కబురొచ్చింది. దగ్గర్లో ఉన్న లైబ్రరీ ఆ పుస్తకాలన్నీ తీసుకుంటానంది. షరతు ఒక్కటే. వాటిని చదివినవాళ్ళెవరైనా శనివారం వచ్చి నాలుగు మాటలు చెప్పాలి. రచయితలు మాత్రం పనికిరారు.

భువన ఫోన్ అందుకుంది.

"గోపీకృష్ణ గారూ, మీ ఆవిడ మీ కథల గురించి మాట్లాడతారా?"

"ఆవిడ నాతోనే మాట్లాడదమ్మా."

"పోనీ మీ స్నేహితులు?"

"వాళ్ళంతా రాస్తారు. చదవరు."

ఇంకో రచయిత జనార్ధనరావు మరీ సూటిగా చెప్పాడు. "నేను రాసుకోడానికే టైం లేదు. ఇంకొకరిది ఎప్పుడు చదవను?"

శుక్రవారానికి ఎవరూ దొరకలేదు. లిఫ్ట్ దగ్గర పునీత కనబడింది. బంగారమ్మ మనవరాలు, కింది అంతస్తు.

"మీ ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు ఎవరైనా ఉన్నారా పునీతా?" ఆశ లేకుండానే అడిగింది భువన.

"అవ్వ ఒక్కతే ఆంటీ. మీ బుక్స్ అన్నీ చదివింది. లాస్ట్ వన్ తప్ప."

"అవ్వకి అక్షరాలు వచ్చా?"

"సెల్ఫ్ లెర్నింగ్ లా!" అంది పునీత సింగపూర్ యాసలో. "ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంది. మీ బుక్స్ కోసమే. స్టోరీలో ఎవరైనా ఊరొదిలి వెళ్తే మకాన్, అదే తిండి, కూడా మానేసి ఏడ్చేది. సో డ్రామా."

భువన ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడే ఫోన్ చెయ్యమ్మా. రేపటికి రమ్మను. వద్దు, నేనే జొహోర్ వెళ్ళి తీసుకొస్తా."

పునీత చెయ్యి విడిపించుకోలేదు.

"ఆంటీ... మీకెవరూ చెప్పలేదా?"

ఆ ప్రెస్‌కున్న ఒకే ఒక్క పాఠకురాలు బంగారమ్మ ఫిబ్రవరిలో జొహోర్ వెళ్ళింది, మార్చి నెలాఖరున అక్కడే పోయింది, మళ్ళీ రాలేదు.